టెస్టర్ రెండు రంధ్రాల్లోనూ వెలిగితే అవి రెండు ఫేజులు కావు

తమ్ముడూ, నువ్వు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ మొదటి ఏడాదిలో ఉన్నానని, సెలవుల్లో ఒక మేస్త్రీ గారి దగ్గర పని నేర్చుకుంటున్నానని రాశావు. ఒక ఇంట్లో ఒక గదికి కరెంటు రావడం లేదని పిలిస్తే మీరిద్దరూ వెళ్లారు. సాకెట్‌లో టెస్టర్ పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలిగింది. ఫ్యాన్ తిరగదు, లైటు వెలగదు. మేస్త్రీ గారు "రెండు ఫేజులు వచ్చేశాయి, ఏమీ వేయకండి, కాలిపోతాయి" అన్నారు. అరగంట వెతికి జంక్షన్ బాక్స్‌లో ఊడిపోయిన నల్ల వైరు బిగిస్తే అంతా బాగైపోయింది. "రెండు ఫేజులు వచ్చిన చోట న్యూట్రల్ బిగిస్తే ఒక ఫేజు ఎక్కడికి పోయింది? ఓమ్స్ లా బట్టీ పట్టాను కానీ ఇక్కడ దేనికీ అతకడం లేదు" అని నీ ప్రశ్న.

చాలా మంచి ప్రశ్న. ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నవాళ్లలో కూడా చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే వైరు బిగించి డబ్బులు తీసుకుని వచ్చేస్తారు. నువ్వు చదివిన ఓమ్స్ లా ఇక్కడ పూర్తిగా అతుకుతుంది. కాగితం తీసుకుని నాతోపాటు గీస్తూ చదువు.

అక్కడ రెండు ఫేజులు లేవు. ఒక్కటే ఫేజు ఉంది, అంటే కరెంటు తెచ్చే ఎర్ర వైరు. నల్ల వైరు దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్. ఎర్ర వైరు బోర్డుకు వచ్చింది, స్విచ్ దాటి ఫ్యాన్‌లోకి వెళ్లింది. ఫ్యాన్ వైండింగ్ అంటే చివరికి ఒక పొడవైన రాగి తీగే కదా, దాని రెండో కొస నుంచి నల్ల వైరు బయటికి వచ్చి జంక్షన్ బాక్స్ దాకా వెళ్లింది. అక్కడ తెగింది. దారి తెగింది కాబట్టి కరెంటు పారడం లేదు, అంటే సున్నా ఆంపియర్లు. ఇప్పుడు నీ ఓమ్స్ లా పెట్టు. ఫ్యాన్ రెండు కొసల మధ్య వోల్టేజీ అంటే కరెంటును రెసిస్టెన్స్‌తో గుణిస్తే వచ్చేది. కరెంటు సున్నా అయితే రెసిస్టెన్స్ ఎంతున్నా గుణకారం సున్నాయే. అంటే ఫ్యాన్‌కు ఇటు కొసలో నేలతో పోలిస్తే 230 వోల్టులుంటే అటు కొసలోనూ అదే 230. ఆ అటు కొస నుంచి వచ్చే నల్ల వైరు, దానికి కలిసి ఉన్న సాకెట్ ఎడమ రంధ్రం, ఆ గదిలోని మిగతా నల్ల వైర్లు, అన్నీ 230 దగ్గరే నిలబడ్డాయి. నీ టెస్టర్ చూసింది అదే.

తాపీ మేస్త్రీలు లెవెల్ తీయడానికి ప్లాస్టిక్ ట్యూబులో నీళ్లు నింపి రెండు కొసలూ రెండు గోడల దగ్గర పట్టుకోవడం చూసే ఉంటావు. రెండు కొసల్లోనూ నీళ్లు కనిపిస్తాయి. మట్టం సమానంగా ఉంటే నీరు కదలదు. టెస్టర్ "ఇక్కడ నీళ్లున్నాయి" అని మాత్రమే చెబుతుంది, రెండు కొసల మధ్య మట్టంలో తేడా ఉందా లేదా అన్నది దానికి తెలియదు. ఫ్యాన్ తిరగాలంటే కావాల్సింది ఆ తేడా. వోల్టేజీ అనే మాట ఎప్పుడూ రెండు చోట్ల మధ్య ఉండే తేడాకే చెల్లుతుంది. "ఈ వైరులో ఎంత వోల్టేజీ ఉంది" అని ఎవరైనా అడిగితే "దేనితో పోలిస్తే?" అని నీలో నువ్వు అనుకోవడం ఇప్పుడే అలవాటు చేసుకో. 11 కేవీ (11 వేల వోల్టుల) తీగ మీద పిట్ట హాయిగా కూర్చోవడానికి కారణం ఇదే. దాని రెండు కాళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

నిజంగా రెండు వేర్వేరు ఫేజులు ఆ సాకెట్‌లోకి వచ్చి ఉంటే రెండు రంధ్రాల మధ్య 400 వోల్టులు ఉండేవి. లైటు వెలగకపోవడం కాదు, కళ్లు జిగేల్‌మనేలా వెలిగి మాడిపోయేది. మీ కేసులో లైటు అసలు వెలగలేదంటేనే అది న్యూట్రల్ కట్ అని సగం తేలిపోయింది.

మిగతా సగం తేల్చడానికి ఒక పని చెయ్యి. గదిలో స్విచ్‌లన్నీ ఆపేసి, ప్లగ్‌లన్నీ పీకి, ఎడమ రంధ్రంలో మళ్లీ టెస్టర్ పెట్టు. వెలుగు పోతే నల్ల వైరుకు ఫేజు ఏదో ఒక లోడు గుండానే వస్తోందన్నమాట, న్యూట్రల్ ఎక్కడో తెగింది. అన్నీ తీసేసినా బాగా వెలుగుతూనే ఉంటే అది వేరే కథ. ఎక్కడో ఫేజు, న్యూట్రల్ తారుమారు అయ్యాయి, లేదా తెగిన నల్ల వైరుకు ఎర్ర వైరు నేరుగా తగులుతోంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఆ తెగిన నల్ల వైరును "న్యూట్రలే కదా" అని చేత్తో పట్టుకోకు. ఫ్యాన్ ఆన్‌లో ఉంటే ఫేజు దాని గుండా నీ చేతికి వస్తుంది. గదిలో ఇస్త్రీ పెట్టె పెట్టి ఉంటే ఇంకా ఘోరం, వెయ్యి వాట్లదైతే దాని రెసిస్టెన్స్ 53 ఓంలు మాత్రమే. చెమట పట్టిన ఒంటి రెసిస్టెన్స్ వెయ్యి ఓంల దగ్గరికి పడిపోవచ్చు. 230ని ఆ మొత్తంతో భాగిస్తే రెండు వందల మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. పది మిల్లీ ఆంపియర్ల దగ్గరే చెయ్యి బిగుసుకుపోయి వైరు వదలలేని పరిస్థితి మొదలవుతుంది. న్యూట్రల్ పని చేసేటప్పుడు కూడా మెయిన్ ఆపే చెయ్యి.

టెస్టర్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన పనిలో దాన్ని నమ్మినంతగా దేన్నీ నమ్మరు. అందులో ఉండేది చిన్న నియాన్ బల్బు, దానికి వరసగా దాదాపు పది లక్షల ఓంల రెసిస్టర్. దాని సర్క్యూట్ నీ ఒంటి గుండా నేలకు పూర్తవుతుంది. నువ్వు ఎండిన చెక్క స్టూలు మీద మందపాటి చెప్పులేసుకుని నిలబడితే మసకగా వెలుగుతుంది, ఎండపడే చోట ఆ వెలుగు అసలు కనపడదు. కాబట్టి టెస్టర్ వెలగలేదు కదా అని వైరు పట్టుకోవడం ప్రాణాలతో ఆట. అది వెలిగితే "జాగ్రత్త" అని అర్థం చేసుకో. వెలగకపోతే ఏ అర్థమూ తీసుకోకు.

రెండు చోట్ల మధ్య తేడా చూడాలంటే టెస్ట్ ల్యాంప్ ఉండాలి, లేదా మల్టీమీటర్ ఉండాలి. టెస్ట్ ల్యాంప్‌కు హోల్డరు, బల్బు, ఇన్సులేషన్ ఉన్న రెండు ప్రోబులు చాలు. ఎర్ర వైరుకూ నల్ల వైరుకూ మధ్య పెడితే వెలగలేదు, ఎర్ర వైరుకూ ఆకుపచ్చ ఎర్త్ వైరుకూ మధ్య పెడితే వెలిగింది అనుకో. ఫేజు బాగుంది, న్యూట్రల్ పోయింది. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే రెండో పరీక్షకు అది వెంటనే పడిపోతుంది, ఖంగారు పడకు. 60 వాట్ల బల్బు 260 మిల్లీ ఆంపియర్లు ఎర్త్‌లోకి పంపుతుంది, అది పడేది 30కే. అంటే ఫేజూ ఎర్తూ రెండూ ఉన్నాయని ఆ పడటమే చెప్పింది. డిజిటల్ మల్టీమీటర్‌తో ఇంకో తికమక ఉంది. ఎక్కడా కలవని వైరు ఫేజు వైరు పక్కనే పైపులో పోతుంటే మీటరు 60, 90 అని ఏవో అంకెలు చూపిస్తుంది. మీటరు లోపలి రెసిస్టెన్స్ చాలా ఎక్కువ, పక్క వైరు నుంచి వచ్చే రవ్వంత ప్రభావం కూడా దానికి కనపడుతుంది. అక్కడ టెస్ట్ ల్యాంప్ పెడితే ఆ అంకె మాయమవుతుంది.

ఇక ఆ నల్ల వైరు ఎందుకు ఊడింది? నువ్వు అడగలేదు కానీ ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. మనవాళ్లలో చాలామంది ఫేజు జాయింటు గట్టిగా మెలేసి టేపు చుడతారు, నల్ల వైరు మాత్రం రెండు మెలికలు తిప్పి వదిలేస్తారు. "న్యూట్రల్‌లో కరెంటు ఉండదు" అనే భ్రమ. టెస్టర్ వెలగదు కాబట్టి అలా అనుకుంటారు. గీజరు ఎర్ర వైరులో 8.7 ఆంపియర్లు వెళ్తుంటే నల్ల వైరులో తిరిగి వచ్చేదీ అదే 8.7, ఒక్క పిసరు తగ్గదు.

ఇప్పుడు లెక్క చూడు. 2000 వాట్ల గీజరు రెసిస్టెన్స్ 26.5 ఓంలు. నల్ల వైరు జాయింటు లూజై అక్కడ అర ఓం పెరిగింది అనుకుందాం. మొత్తం 27 ఓంలు, కరెంటు 8.5 ఆంపియర్లు. నీళ్లు ఎప్పటిలాగే కాగుతున్నాయి, ఇంటివాళ్లకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ కరెంటు వర్గాన్ని ఆ అర ఓంతో గుణించు. 36 వాట్లు. నీ కిట్‌లో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది అయ్యుంటుంది, దానికే సోల్డర్ కరుగుతుంది కదా. దానికంటే ఎక్కువ వేడి, శనగగింజంత జాయింటు దగ్గర, గోడలోపల, పీవీసీ ఇన్సులేషన్ మధ్య పుడుతోంది. వేడికి రాగి నల్లబడుతుంది, నల్లబడితే రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. ఎంసీబీ ఏం చేస్తుంది అంటావా? దానికి కనపడేది కరెంటు ఒక్కటే, ఆ కరెంటు మామూలు కంటే కాస్త తక్కువే ఉంది. అది పడదు. ఎంసీబీ వైరును ఓవర్‌లోడు నుంచి, షార్ట్ నుంచి కాపాడుతుంది. లూజ్ కనెక్షన్ నుంచి కాపాడేది నీ స్క్రూడ్రైవరే.

మీ మేస్త్రీ గారిని తప్పుపట్టాలని నాకు లేదు. ఆయన వెళ్లాల్సిన చోటికే వెళ్లారు. "కాలిపోతాయి" అన్న ఆయన హెచ్చరిక కూడా గాలిలోంచి పుట్టింది కాదు, న్యూట్రల్ కట్‌లో రెండో రకం ఒకటుంది, అక్కడ అది అక్షరాలా నిజం. నేను పనిలో చేరిన కొత్తలో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌కు పిలుపు వచ్చింది. కింది అంతస్తులో లైట్లు గుడ్డిగా, పై అంతస్తులో మరీ తెల్లగా వెలుగుతున్నాయి. మేం మీటర్లు తీసి ఆలోచించే లోపే పైన ఒక టీవీ, రెండు చార్జర్లు పోయాయి. మెయిన్ ప్యానెల్‌లో న్యూట్రల్ లగ్ వదులై చేత్తో తాకితే ఊగుతోంది. ముందు మెయిన్ దించి ఆ తర్వాత వెతకాల్సింది. ఆ తప్పు నాకు ఇప్పటికీ గుర్తే.

ఎందుకలా జరుగుతుందో చూడు. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీని దించి మూడు ఫేజులుగా ఇస్తుంది. వాటి కొసలు ఒకచోట కలిసే స్టార్ పాయింట్ నుంచి న్యూట్రల్ బయలుదేరుతుంది. ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230, ఏ రెండు ఫేజుల మధ్యనైనా 400. మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ఆ న్యూట్రల్ తెగితే ఒక ఫేజు మీద ఉన్న ఇంటి లోడు, ఇంకో ఫేజు మీద ఉన్న ఇంటి లోడు సిరీస్‌లోకి, అంటే ఒకదాని వెనక ఒకటిగా, వచ్చి 400 వోల్టులను పంచుకుంటాయి. కింద 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె, 53 ఓంలు. పైన 100 వాట్ల లోడు, 529 ఓంలు. సిరీస్‌లో ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్నదానికే ఎక్కువ వోల్టేజీ. పై ఇంటికి దాదాపు 364, కింది ఇంటికి 36. తక్కువ వాడేవాళ్ల వస్తువులే కాలిపోతాయి. ఒక గదిలో పెద్ద లోడు వేయగానే ఇంకో గదిలో లైటు వెలుగు పెరిగిందంటే ఇదేనని అనుమానించి వెంటనే మెయిన్ ఆపించు. సింగిల్ ఫేజు ఇంటి లోపల న్యూట్రల్ తెగితే ఇలా 400 రాదు, మీ కేసు అది.

దీన్ని ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో మీ సారు దగ్గరుండగా చిన్నగా చేసి చూడొచ్చు. పాత ఫిలమెంట్ బల్బులు 60 వాట్లది ఒకటి, 100 వాట్లది ఒకటి సిరీస్‌లో కలిపి 230కి పెట్టండి. స్విచ్ వేయకముందే ఏది ఎక్కువ వెలుగుతుందో కాగితం మీద తేల్చుకో. 60 వాట్లదాని రెసిస్టెన్స్ 882, 100 వాట్లదానిది 529. లెక్క ప్రకారం 60 వాట్లదానికి 144 వోల్టులు, 100 వాట్లదానికి 86. సరిగ్గా వెలగని ఫిలమెంట్ చల్లగా ఉండి రెసిస్టెన్స్ ఇంకా తగ్గుతుంది కాబట్టి కంటికి తేడా లెక్క కంటే ఎక్కువే కనపడుతుంది. పేరుకు పెద్ద బల్బు మినుకుమినుకుమంటూ చిన్నది వెలగడం ఒకసారి కళ్లారా చూస్తే మళ్లీ మరిచిపోవు.

చివరిగా ఎర్త్. న్యూట్రల్ పోయినప్పుడు కొందరు చేసే ఒక పని ఉంది, నువ్వూ చూస్తావు, ఎవరైనా చెయ్యమంటారు కూడా. నల్ల వైరు ఎక్కడ తెగిందో దొరకడం లేదు, గోడ పగలగొట్టాలి, ఇంటివాళ్లు తొందరపెడుతున్నారు. అప్పుడు ఆకుపచ్చ వైరును న్యూట్రల్ స్థానంలో కలిపేస్తారు. లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, అందరూ సంతోషం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలిపి ఉంచుతారు కాబట్టి నేల గుండా దారి పూర్తయి అది పని చేస్తుంది. మన ఎర్త్ గుంత 10 ఓంలు, ట్రాన్స్‌ఫార్మర్ గుంత 5 ఓంలు అనుకుందాం. ఇస్త్రీ పెట్టె వేస్తే మొత్తం 68 ఓంలు, 3.4 ఆంపియర్లు. ఆ కరెంటు మన గుంతలోకి దిగేటప్పుడు అక్కడ 34 వోల్టులు నిలుస్తాయి. ఆకుపచ్చ వైరు ఫ్రిజ్ బాడీకి, వాషింగ్ మెషీన్‌కు, నీళ్ల మోటారుకు కూడా కలిసి ఉంది కదా, అన్నిటి మీదా అదే 34. ఇక రోహిణి కార్తె ఎండలకు ఆ గుంత పూర్తిగా ఎండిపోయిందో, లేక గుంత దగ్గర క్లాంపు తుప్పుపట్టి ఊడిందో, నీ రెండు రంధ్రాల కథే మళ్లీ జరుగుతుంది. ఫేజు ఫ్యాన్ గుండా వచ్చి తెగిన చోట ఆగి 230 దగ్గర నిలబడుతుంది. ఈసారి అది నిలబడేది జంక్షన్ బాక్స్‌లోని నల్ల వైరులో కాదు, ఇంట్లో ప్రతి ఇనుప వస్తువు మీదా. తడి కాళ్లతో ఫ్రిజ్ తీసేది ఎవరో నీకు తెలుసు. ఈ పని ఎవరు చెప్పినా చెయ్యకు. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఇలా కలపగానే అది పడిపోతుంది, దాంతో "ఇది ఊరికే పడుతోంది" అని దాన్ని కూడా తీసేసి డైరెక్ట్ చేస్తారు.

సరిగ్గా వేసిన ఎర్త్ అయినా ఒక్కటే సరిపోదు, ఇది కూడా రాసిపెట్టుకో. వాషింగ్ మెషీన్‌లో ఫేజు బాడీకి తగిలితే అవే 10, 5 ఓంలతో 15 ఆంపియర్లు వెళ్తాయి. 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ తక్షణం పడాలంటే దాని రేటింగ్‌కు అయిదు నుంచి పది రెట్లు, అంటే 80 నుంచి 160 దాకా కావాలి. ఈ 15కి అది కదలదు, మెషీన్ బాడీ 150 వోల్టుల మీద అలాగే ఉంటుంది. ఆర్‌సీసీబీ పద్ధతి వేరు. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే కోర్ గుండా వెళ్తాయి, వెళ్లింది ఎంతో వచ్చింది అంతే అయితే దానికి ఏమీ తెలియదు. 30 మిల్లీ ఆంపియర్లు వేరే దారి పట్టినా రెప్పపాటులో పడిపోతుంది. ఎర్త్ ఉంటే బాడీకి ఫేజు తగిలిన క్షణమే పడుతుంది, ఎర్త్ లేకపోతే మనిషి ముట్టుకున్నాక పడుతుంది. కాబట్టి రెండూ ఉండాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాడిని మాత్రం అది కాపాడలేదు, దాని లెక్కలో వాడూ ఒక బల్బే.

ఇక ఆ ఇంటి సంగతి. నల్ల వైరు బిగించాం, వచ్చేశాం అన్నావు. ఊడిన కొస నల్లగా మాడి ఉంటే బిగించినా నిలవదు. మీ మేస్త్రీ గారిని అడిగి, వీలైతే ఈ వారమే మళ్లీ వెళ్లండి. మెయిన్ ఆపి, టెస్ట్ ల్యాంప్‌తో చూసుకుని, ఎర్రగా మెరిసే రాగి కనపడేదాకా కొస కత్తిరించండి. ఇన్సులేషన్ గట్టిపడి పెళుసైతే అంతవరకూ వైరు మార్చి, కొత్త కనెక్టర్ వేసి బిగించండి. అదే బాక్స్‌లో మిగతా నల్ల జాయింట్లు కూడా ఒక్కొక్కటీ లాగి చూడండి, అవి కూడా అదే చెయ్యి వేసినవే అయ్యుంటాయి.